అశ్లీలత కాదు, హింస అందాం

ఇంటర్నెట్‌లో వచ్చే బూతు దృశ్యాల నుంచి పిల్లల్నీ, కుటుంబాల్నీ కాపాడాలన్న నినాదం మీద ఈ దేశంలో విచిత్రమైన ఐక్యత కుదిరింది. మఠాధిపతులు, పోలీసు అధికారులు, స్కూలు యాజమాన్యాలు, అన్ని పార్టీల నాయకులు ఒకే వాక్యం కింద సంతకాలు పెడుతున్నారు. కొన్ని మహిళా సంఘాలు కూడా పెడుతున్నాయి. వరకట్నం మీద గానీ, ఆస్తి హక్కు మీద గానీ, ఇంటి హింస మీద గానీ మనతో ఎన్నడూ కలిసి రానివాళ్లంతా ఈ ఒక్క విషయంలో మన పక్కన నిలబడుతున్నారంటే కొంచెం ఆగి ఆలోచించాలి. కాపాడాలి సరే, ఎవర్ని? ఎవరి నుంచి? కుటుంబం అంటే అందులో ఎవరెవరున్నారు?

నా వాదన ముందే చెప్పేస్తాను. ‘కుటుంబాన్ని అశ్లీలత నుంచి కాపాడడం’ అన్న మాట స్త్రీల మాట కాదు, పిల్లల మాట అంతకన్నా కాదు. ఆ మాట వాడినంత కాలం మనం అడిగే ప్రతి రక్షణా తిరిగి ఆడపిల్లల కాళ్లకే సంకెలవుతుంది. మనం ఎదిరించాల్సింది ఒక మనిషి సమ్మతి లేకుండా ఆమె శరీరాన్ని దృశ్యంగా మార్చి సరుకుగా అమ్మే హింసని. ఈ రెండూ ఒకటేననుకోవడం వల్లే ఇన్నేళ్లుగా చట్టం ఒకవైపు, బాధితులు ఇంకోవైపు ఉండిపోయారు.

దీన్ని విని, బూతు వ్యాపారాన్ని సమర్థిస్తున్నావా అని అడిగేవాళ్లుంటారు. సమర్థించడం లేదు. బస్తీ సమావేశాల్లో తల్లులు నన్ను అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. ఆన్‌లైన్ పాఠాల కోసమని కరోనా కాలంలో అప్పు చేసి కొనిచ్చిన ఫోన్లో పదకొండేళ్ల కొడుకు ఏం చూస్తున్నాడో తెలిసి వణికిపోయిన తల్లి భయం ఉత్తిది కాదు. స్త్రీని కొట్టడం, తిట్టడం, బలవంతపెట్టడమే సుఖమని చూపించే దృశ్యాలు ఆ పిల్లవాడికి లైంగికత గురించి దొరికిన మొదటి పాఠం. ఆ దృశ్యాల్లో చూసినవి భార్యల చేత చేయించాలని మొగుళ్లు బలవంతం చేస్తున్నారని మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో ఆడవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకోవడం మనలో చాలామంది విన్నదే. భయం నిజమే. ఆ భయాన్ని ఎవరు ఎటు మళ్లిస్తున్నారన్నదే ప్రశ్న.

ఆ మాటకున్న చరిత్ర

అశ్లీలత అన్నది చట్టంలోకి ఎలా వచ్చిందో చూడండి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 292వ సెక్షన్ ప్రకారం కామవాంఛని రేపేది, చూసినవాళ్ల, చదివినవాళ్ల మనసుల్ని చెడగొట్టేది అశ్లీలం. 2000 నాటి ఐ.టి. చట్టంలోని 67వ సెక్షన్‌లోనూ ఇదే నిర్వచనం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్‌లోనూ ఇదే. ఈ నిర్వచనం చింతంతా చూసేవాడి గురించే. వాడి మనసు చెడిపోతుందేమోనన్నదే బెంగ. ఆ బొమ్మలో ఉన్న స్త్రీకి ఏం జరిగింది, ఆమె ఒప్పుకుందా, ఆమెను ఎవరు బెదిరించారు అన్న ప్రశ్నలకు ఈ నిర్వచనంలో చోటే లేదు. పైగా తన ఫొటో తన ఇష్టంతో తీసుకున్న స్త్రీ, తనకు తెలియకుండా రహస్య కెమెరాకి చిక్కిన స్త్రీ ఇద్దరూ ఈ సెక్షన్ ముందు ఒకటే. ఇద్దరివీ అశ్లీల చిత్రాలే.

ఇలాంటి చట్టం ఎవరి మీద పడుతుందో తెలుగువాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చు వేయించింది. ఆ మరుసటేడే అశ్లీలమని ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒక స్త్రీ తన కోరిక గురించి రాసిన కావ్యం, మరో స్త్రీ పట్టుదలతో అచ్చులోకి తెచ్చిన కావ్యం, 1947 దాకా ఆ నిషేధం కిందే ఉంది. అదే కాలంలో మగకవులు రాసిన శృంగార ప్రబంధాలు పండితుల అరల్లో భద్రంగా ఉన్నాయి. 1980ల్లో, 90ల్లో తమ శరీరాల గురించి కవిత్వం రాసిన మన స్త్రీవాద కవయిత్రుల్ని అశ్లీలమని తిట్టిన నోళ్లూ ఆ సంప్రదాయంలోవే.

‘మనం కూడా బూతు పోస్టర్ల మీద తారు పూశాం కదా’ అని గుర్తు చేసేవాళ్లున్నారు. నిజమే. 1974లో హైదరాబాద్‌లో మొదలైన ప్రగతిశీల మహిళా సంఘం వరకట్నంతో పాటు అశ్లీల పోస్టర్ల మీద కూడా పోరాడింది. అయితే ఆ పోరాటం స్త్రీని సరుకుగా అమ్మే మార్కెట్ మీద చేసినది. స్త్రీల శరీరం కనబడితే సంస్కృతి చెడిపోతుందన్న వాదం వేరు. ఈ తేడాని మనం గట్టిగా చెప్పుకోలేదు గనకే 1986లో వచ్చిన స్త్రీల అసభ్య చిత్రీకరణ నిషేధ చట్టంలో స్త్రీల గౌరవమూ, ప్రజల నీతీ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి.

ఒకే ఏడాది, రెండు దారులు

2015 ఫిబ్రవరిలో హైదరాబాద్‌కి చెందిన ప్రజ్వల సంస్థ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాసింది. సామూహిక అత్యాచారాల వీడియోలు వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయని, నేరం చేసినవాళ్లు నవ్వుతూ కెమెరాకి ముఖాలు చూపిస్తున్నారని, వాళ్లని పట్టుకోవాలని, ఆ వీడియోల వ్యాప్తిని ఆపాలని అడిగింది. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా స్వీకరించింది. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ లాంటి కంపెనీలని పిలిచి జవాబు అడగడం, బాధితులు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసుకునే జాతీయ పోర్టల్ 2018లో రావడం ఆ కేసు నుంచి పుట్టినవే.

అదే ఏడాది జూలై 31న కేంద్ర ప్రభుత్వం నీతి, మర్యాదల పేరు మీద 857 వెబ్‌సైట్లని మూసేయమని ఆదేశించింది. గోల జరిగాక, వారం తిరక్కుండానే, పిల్లల దృశ్యాలు లేని సైట్లను తెరుచుకోవచ్చంది. ఏ సైట్లో పిల్లల దృశ్యాలున్నాయో లేవో తేల్చుకునే బాధ్యత ఇంటర్నెట్ కంపెనీల నెత్తిన వేసింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తర్వాత మళ్లీ 827 సైట్లను మూశారు. మూసిన తలుపు పక్కనే కిటికీలు తెరుచుకున్నాయని అందరికీ తెలుసు.

మొదటి దారిలో కేంద్రంగా ఉన్నది దెబ్బతిన్న మనిషి. రెండో దారిలో ఉన్నది చూసేవాడి నీతి. సైట్లు మూసేసినందుకు చప్పట్లు కొట్టిన సమాజమే 2019 నవంబరులో ఏం చేసిందో మర్చిపోకూడదు. శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. ఒకపక్క ఊరూరా కొవ్వొత్తులు వెలుగుతుంటే, ఇంకోపక్క ఆమె పేరు బూతు సైట్లలో ఎక్కువగా వెతికిన పేర్లలో ముందుకొచ్చిందని పత్రికలు రాశాయి. డిసెంబరు 6న నిందితుల్ని ‘ఎన్‌కౌంటర్’ చేసిన పోలీసుల మీద పూలు చల్లారు. కొవ్వొత్తి పట్టుకున్న చేతులు, పూలు చల్లిన చేతులు, ఆమె పేరు టైపు చేసిన చేతులు వేర్వేరు దేశాలవి కావు. కుటుంబాలున్న మగవాళ్లవే.

కుటుంబం లోపల

పిల్లలకి ప్రమాదం తెర మీది నుంచి, బయటి నుంచి వస్తుందన్న ఊహ మీద ఈ నినాదం నిలబడింది. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేల మందికి పైగా పిల్లలతో చేయించిన అధ్యయనంలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకి గురయ్యామన్నారు. అలాంటి పిల్లలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్లలో దాదాపు సగంమంది ఆ పిల్లలకి తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మిన పెద్దలు. అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలు ఏటా నూటికి తొంభైకి మించి చెప్తున్నాయి. పిల్లల మీద హింసని ఫోన్లో చిత్రించేది చాలాసార్లు ఆ పిల్లకి దగ్గరగా మసిలేవాడే. అలాంటప్పుడు కుటుంబానికి కాపలా పెట్టడమంటే కొన్ని ఇళ్లలో దొంగ చేతికే తాళాలివ్వడం.

ఇక ఆ కాపలా ఎవరి మీద పెడతారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లు ఆంధ్రలో 48.8, తెలంగాణలో 57.4 శాతం. ఫోన్ సగంమంది మగవాళ్ల చేతుల్లో ఉంది, బూతు చూసేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. అయినా ‘ఫోన్ల వల్ల పాడైపోతున్నారు’ అనగానే లాక్కునేది మాత్రం ఆడపిల్ల ఫోను. ఉత్తర భారతంలో కొన్ని కుల పంచాయితీలు పెళ్లికాని ఆడపిల్లలు ఫోను వాడకూడదని తీర్మానాలే చేశాయి. మన దగ్గర తీర్మానాలు అక్కర్లేదు, నాన్న కళ్లెర్రజేస్తే చాలు.

మా ప్రాంతంలో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. ఊరి పేరు, అమ్మాయి పేరు అనవసరం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఫొటోల్ని, ఆమెతో స్నేహంగా ఉన్న కుర్రాడు మార్ఫింగ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. ఇంట్లో తెలియగానే అన్న ఆమె ఫోను నేలకేసి కొట్టాడు. తండ్రి చదువు మాన్పించాడు. మూడు నెలల్లో మేనత్త కొడుక్కిచ్చి పెళ్లి చేసేశారు. డబ్బు ఇవ్వకపోతే ఇంకా పెడతానని ఆ కుర్రాడు పంపిన బెదిరింపు మెసేజీలన్నీ పగిలిన ఆ ఫోన్లోనే ఉన్నాయి. మా కార్యకర్త స్టేషనుకి వెళ్తే ‘సాక్ష్యం ఏదమ్మా’ అన్నారు. కుర్రాడు పరీక్షలు రాసుకున్నాడు. ఆ ఇంటివాళ్లు మాత్రం కుటుంబాన్ని కాపాడుకున్నామనే అనుకుంటున్నారు. వాళ్ల లెక్క ప్రకారం నిజంగానే కాపాడుకున్నారు. పోయింది అమ్మాయి ఒక్కతే.

ఇది ఒక్క ఇంటి సంగతి అనుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో, ఎన్నికల ముందు, కర్ణాటకలోని హాసన్‌లో ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ లైంగిక హింస వీడియోలు పెన్‌డ్రైవ్‌లలో నింపి బస్టాండుల్లో, పార్కుల్లో పంచిపెట్టారు. ఆ స్త్రీల ముఖాలు కూడా దాచలేదు. చాలామంది ఊళ్లు వదిలిపెట్టి పోవాల్సి వచ్చింది. తన ఇంట్లో పనిచేసిన స్త్రీ మీద అత్యాచారం చేసిన కేసులో 2025 ఆగస్టులో ప్రత్యేక కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. కోర్టు దాకా నిలబడిన ఆ స్త్రీకి చేతులెత్తి నమస్కరించాలి. కానీ తమ వీడియో బయటికొస్తే మొగుడు ఏమంటాడోనని నోరు విప్పని మిగతావాళ్ల సంగతి? వాళ్ల నోరు నొక్కింది అశ్లీలత కాదు, పరువు. కుటుంబ పరువు అన్న మాట లేకపోతే బ్లాక్‌మెయిల్ చేసేవాడి చేతిలో ఆయుధమే ఉండదు.

చట్టాన్ని ఎవరి చేతికిస్తున్నాం?

నిషేధాలు అడిగేముందు ఇతర దేశాల స్త్రీవాదుల అనుభవం కూడా చూడాలి. 1992లో కెనడా సుప్రీంకోర్టు బట్లర్ కేసులో స్త్రీలకు జరిగే హాని ఆధారంగా అశ్లీలతను నిర్వచించింది. మన విజయమని చాలామంది స్త్రీవాదులు సంతోషించారు. కొన్ని వారాలకే టొరంటో పోలీసులు ఆ తీర్పును పట్టుకుని వెళ్లింది స్వలింగ సంపర్కుల పుస్తకాల షాపు మీదికి, లెస్బియన్ స్త్రీలు నడిపే పత్రిక కోసం. మన దగ్గర 2020లో కేరళలో ఒక తల్లి తన అర్ధనగ్న శరీరం మీద పిల్లల చేత బొమ్మ వేయించి వీడియో పెట్టినందుకు పోక్సో కేసు పెట్టారు. నగ్నతంతా అశ్లీలం కాదని, తన శరీరం మీద హక్కు స్త్రీదేనని హైకోర్టు ఆమెను కేసు నుంచి తప్పించేసరికి 2023 వచ్చింది. పిల్లల రక్షణ చట్టం ఒక తల్లి మీదికి అంత సులువుగా తిరిగింది.

చట్టాలు అక్కర్లేదని నేననడం లేదు. సమ్మతిని కేంద్రంగా పెట్టిన చట్టాలు మనకి ఉన్నాయి. వాటిని పోరాడి తెచ్చుకున్నాం. 2013లో వచ్చిన 354-సి సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 77, ఎంత గొప్ప మాట చెప్పిందో గమనించండి. ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, దాన్ని ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమే. ‘నువ్వెందుకు తీయించుకున్నావు’ అన్న ప్రశ్నకి చట్టం ఇచ్చిన జవాబు అది. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు, పిల్లల దృశ్యాలను డౌన్‌లోడ్ చేసి చూడడం నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టేస్తూ, ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అన్న మాటే వాడొద్దని కోర్టులకి చెప్పింది. అది బూతు సినిమా కాదు, పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీకి రికార్డు, అలాగే పిలవాలి అంది. పేరు మారితే చూపు మారుతుందని దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్నాక కూడా మన కరపత్రాల్లో పాత మాటే ఎందుకు?

2023 చివర్లో నటి రష్మిక మందన్న ముఖాన్ని ఇంకొక స్త్రీ శరీరానికి అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశాన్ని కుదిపింది. దాన్ని చేశాడని ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది గుంటూరు జిల్లా యువకుడిని. సొమ్ము కోసం, ఫాలోయర్ల కోసం చేశాడని పోలీసులు చెప్పారు. నటి పరువు గురించి అందరూ మాట్లాడారు. ఆ శరీరం ఎవరిదో ఆమె కూడా మనిషేనని, ఆమెనీ ఎవరూ అడగలేదని గుర్తు చేసినవాళ్లు తక్కువ. అశ్లీలత కళ్లద్దాల్లోంచి చూస్తే అందులో బట్టలు తక్కువని మాత్రమే కనిపిస్తుంది. సమ్మతి వైపు నుంచి చూస్తే ఇద్దరు స్త్రీలకు జరిగిన అన్యాయం కనిపిస్తుంది.

వ్యాపారం సంగతి కూడా నీతిబోధలతో తేలదు. 2020 డిసెంబరులో వీసా, మాస్టర్‌కార్డ్ కంపెనీలు చెల్లింపులు ఆపేసరికి పోర్న్‌హబ్ రోజుల వ్యవధిలో, ఎవరు పెట్టారో తెలియని వీడియోలను లక్షల్లో తీసేసింది. ఏళ్ల తరబడి బాధితులు మొత్తుకున్నా వినని చెవికి డబ్బు చప్పుడు మాత్రం వినిపించింది. మన గురి పెట్టాల్సింది అక్కడ, ఇంట్లో ఆడపిల్ల ఫోను మీద కాదు.

మనం అడగాల్సినవి

మొదటిది, మన వినతిపత్రాల్లో, కరపత్రాల్లో ‘అశ్లీలత’, ‘కుటుంబ విలువలు’, ‘సంస్కృతి’ అన్న మాటలు తీసేద్దాం. ‘సమ్మతి లేని దృశ్యాలు’, ‘పిల్లల మీద లైంగిక హింస’ అని రాద్దాం.

రెండోది, పోలీసు స్టేషన్ సంగతి. ఐ.టి. చట్టం కింద కేసు దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే చేయాలి. దాన్ని సాకుగా చూపి మండల స్టేషన్లలో బాధితుల్ని తిప్పి పంపుతున్నారు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలి. ఆ దృశ్యాలను స్టేషన్లో నలుగురు మగవాళ్లు చూసే పద్ధతి పోవాలి. 2017 నాటి కేరళ నటి కేసులో సాక్ష్యంగా ఉన్న మెమరీ కార్డును కోర్టు కస్టడీలో ఉండగానే ఎవరో తెరిచి చూశారని ఫోరెన్సిక్ పరీక్షలో బయటపడింది. సాక్ష్యాన్ని భద్రపరిచే కచ్చితమైన నియమాలు కావాలి.

మూడోది, కంపెనీల బాధ్యత. ఇలాంటి దృశ్యాలను ఫిర్యాదు అందాక తీసేయడానికి 2021 నిబంధనలు మొదట పెట్టిన గడువు 24 గంటలు. ఆమె తరఫున ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. అంటే మనం చేయవచ్చు. తెలుగులో ఫిర్యాదు తీసుకుని, తెలుగులో జవాబిచ్చే మనిషి ఉండాలని పట్టుబడదాం.

నాలుగోది, బడి. 2007 ప్రాంతంలో కౌమార విద్యా కార్యక్రమాన్ని మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు సంస్కృతి పేరుతో ఆపేశాయి. బడిలో చెప్పనివ్వనివాళ్లే ఫోన్లో నేర్చుకుంటున్నారని గుండెలు బాదుకుంటున్నారు. శరీరం గురించి, ఇష్టం గురించి, ‘వద్దు’ అన్న మాటకి అర్థం గురించి మగపిల్లలకి ఎవరూ చెప్పకపోతే బూతు సినిమాయే చెప్తుంది. 2024 తీర్పులో సుప్రీంకోర్టు కూడా సమగ్ర లైంగిక విద్య అవసరమంది.

అయిదోది మన చేతిలోనే ఉంది. ఏ అమ్మాయయినా ఏడుస్తూ మన ఆఫీసుకి వస్తే ముందు చెప్పాల్సిన మాట ‘ఫోను పగలగొట్టకు, ఏదీ చెరిపేయకు’ అని. మెసేజీలు, నంబర్లు, తేదీలు భద్రం చేయించాలి. ఫొటోని ఎక్కడా పంపకుండా తన ఫోన్లోనే దాని గుర్తును తయారుచేసి, ఒప్పుకున్న వేదికల్లో అది మళ్లీ పైకెక్కకుండా ఆపే ‘స్టాప్ ఎన్.సి.ఐ.ఐ.’ లాంటి సాధనాలు పెద్దవాళ్లకి, ‘టేక్ ఇట్ డౌన్’ పిల్లలకి ఉన్నాయి. వాటిని మన కార్యకర్తలంతా నేర్చుకోవాలి. ఆ తర్వాత తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మాట్లాడాలి. సిగ్గుపడాల్సింది మీ కూతురు కాదు, ఆ బొమ్మ పంపినవాడు, దాన్ని చూసి ఇంకొకరికి పంపినవాడు అని.

ఇంత పని ఉండగా మఠాధిపతుల పక్కన నిలబడి సంస్కృతి రక్షణకి సంతకం పెట్టే తీరిక మనకెక్కడిది? పిల్లల్ని కాపాడడమంటే వాళ్లు చెప్పింది నమ్మడం, వాళ్ల చేతిలోంచి చదువుని, ఫోనుని లాక్కోకుండా వాళ్ల పక్కన నిలబడడం. ఆ పని చేయగలిగిన కుటుంబాన్ని ఎవరూ కాపాడనక్కర్లేదు. చేయలేని కుటుంబాన్ని కాపాడే బాధ్యత మనకి లేదు.